వాగులో పారేది ఏ వాన నీళ్లు?

(నీటి శాస్త్రవేత్తల పని గురించి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. ఒక కొండవాలు ఉంది, దాని నిండా చెట్లు. కింద చిన్న వాగు. వారం రోజులుగా చినుకు లేదు. ఇవాళ మధ్యాహ్నం రెండు గంటల సేపు కుండపోతగా కురిసింది. సాయంత్రానికి వాగు పొంగింది. ఆ పొంగిన వాగులో పారుతున్నవి ఏ నీళ్లు?

'మధ్యాహ్నం పడ్డ వాన నీళ్లే' అని చాలామంది అంటున్నారు. వెనక వరసలో ఎవరో 'ఇందులో ఏదో మెలిక ఉంది' అన్నారు. ఉంది. (నవ్వులు) నేను చదువుకునే రోజుల్లో మా మాస్టారు ఇదే ప్రశ్న వేస్తే నేనూ మీలాగే చెప్పాను. జవాబు కాసేపు పక్కన పెడదాం. అసలు మేం రోజంతా ఏం చేస్తుంటామో చెబితే గానీ ఆ జవాబు మీరు నమ్మరు.

నీటి శాస్త్రవేత్త అనగానే గాజు గొట్టంలో నీళ్లు పోసి రంగు మారుతుందా లేదా అని చూసే మనిషి గుర్తొస్తాడు. వాళ్లూ ఉన్నారు, వాళ్ల పని నీళ్లలో ఏం కలిసిందో చెప్పడం. నాది వేరే శాఖ. నీళ్లు ఎన్ని వచ్చాయి, ఎటు పోయాయి, ఎన్ని మిగిలాయి అని చిట్టా రాసే గుమాస్తా పని నాది. జమ ఒక్కటే, వాన. మంచు కురిసే చోట మంచు కూడా. ఖర్చులు రెండు: నదిగా పారిపోయేది, ఆవిరిగా పైకి పోయేది. జమలోంచి ఖర్చు తీసేస్తే నిల్వలో వచ్చిన మార్పు తేలాలి. అంటే నేలలో తేమ, చెరువుల్లో నీళ్లు, భూగర్భ జలాలు. లెక్కగా చూస్తే ఇది ఐదో తరగతి పిల్లలకు ఇవ్వొచ్చు. చిక్కంతా ఎక్కడంటే, ఈ చిట్టాలో ఒక్క అంకె కూడా సూటిగా దొరకదు.

ఈ లెక్క మొదట వేసినవాడు కూడా చిట్టాల మనిషే. 17వ శతాబ్దంలో పారిస్‌లో పియెర్ పెరో అనే పెద్ద పన్నుల అధికారి ఉండేవాడు. అప్పులపాలై, వసూలైన సర్కారు సొమ్ములో చెయ్యి పెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత నీళ్ల మీద పడ్డాడు. అప్పట్లో చాలామంది పండితుల నమ్మకం ఏమిటంటే, ఇన్ని నదులు పారడానికి వాన చాలదు, సముద్రపు నీరే భూమి లోపలి దారుల్లో కొండల మీదికి ఎక్కి, దారిలో ఉప్పు వదిలించుకుని ఊటలుగా బయటపడుతుంది అని. మనకు నవ్వొస్తుంది గానీ, వాళ్ల ప్రశ్న మంచిదే. నెలల తరబడి వాన లేకపోయినా నది పారుతూనే ఉంటుంది కదా, ఆ నీళ్లెక్కడివి?

బెర్నార్ పాలిసీ అనే కుమ్మరి 1580లోనే ఊటలన్నీ వాన నీళ్లే అని రాశాడు. కానీ ఆయన దగ్గర అంకెల్లేవు. పెరో అంకెలు పట్టుకొచ్చాడు. సేన్ నది పుట్టే చోట కొంత ప్రాంతం తీసుకున్నాడు. మూడేళ్ల వాన కొలతలు చూశాడు. నదిలో ఏడాదికి ఎంత పారుతుందో అంచనా కట్టాడు. 1674లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం, కురిసిన వానలో ఆరో వంతు ఉంటే చాలు, నది ఏడాది పొడవునా పారుతుంది. నిజం చెప్పాలంటే, నదిని ఆయన కొలిచిన తీరు చాలా మోటు. ఇవాళ నా విద్యార్థి ఎవరైనా అలా కొలిస్తే వెనక్కి పంపిస్తాను. అయినా వాన చాలదనే వాదన ఆ దెబ్బతో కూలిపోయింది. ఆరు రెట్ల తేడా ఉన్నప్పుడు మోటు కొలత చాలు మరి!

మరి మిగతా ఐదు వంతులు ఏమైనట్టు? ఎడ్మండ్ హేలీ, తోకచుక్క పేరుతో మీకు తెలిసిన హేలీయే, 1687లో ఒక గిన్నెలో ఉప్పునీళ్లు పోసి, ఎండాకాలపు వేడికి సమానంగా కాచి, ఎంత బరువు తగ్గుతోందో తూచాడు. దాన్ని బట్టి మధ్యధరా సముద్రం నుంచి రోజుకు ఎంత ఆవిరి లేస్తుందో గుణించాడు. నదులన్నీ కలిసి ఆ సముద్రంలోకి తెచ్చేదానికి అది దాదాపు మూడు రెట్లు వచ్చింది. ఒక గిన్నె, ఒక త్రాసు, అంతే ఆయన ప్రయోగశాల.

ఇప్పుడు మా ఇబ్బందులు చెప్తాను. వాన కొలవడం కంటే తేలికైన పని ఉండదనుకుంటారు. డబ్బా పెట్టు, ఎంత పడిందో చూడు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. చదరపు కిలోమీటరుకు పది లక్షల లీటర్లు. అంటే వెయ్యి చదరపు కిలోమీటర్ల మీద నేను ఒక్క మిల్లీమీటరు తప్పు రాస్తే, నా చిట్టాలో వంద కోట్ల లీటర్లు మాయం. ఆ తప్పు చేయించడానికి గాలి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. డబ్బా మూతి దగ్గర గాలి పైకి లేచి కొన్ని చినుకుల్ని దాటించేస్తుంది. వానకైతే కొద్ది శాతం పోతుంది, మంచు అయితే గాలి జోరుగా ఉన్నప్పుడు సగం దాకా కూడా పోవచ్చు. తప్పు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయితే సగటులో సర్దుకుంటుంది. ఇది మాత్రం ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

ఇంకో సంగతి. ప్రపంచమంతటా లెక్కకు దొరికే వానమాపకాలన్నిటి మూతులూ పక్కపక్కన పేరిస్తే ఎంత జాగా అవుతుందో 2017లో కొందరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఫుట్‌బాల్ మైదానంలో సగం కూడా నిండలేదు. భూమి మొత్తం మీద కురిసే వానను ఆ కాస్త జాగాలో పడ్డ చినుకులతో చెబుతున్నాం. రాడార్లు, ఉపగ్రహాలు వచ్చాక పరిస్థితి చాలా మెరుగైంది. కానీ వాటిని సరిచూసుకోవడానికి మళ్లీ ఈ డబ్బాల దగ్గరికే రావాలి.

నది సంగతికి వద్దాం. నదిలో ఎన్ని నీళ్లు పారుతున్నాయో చెప్పాలంటే వెడల్పు, లోతు, వేగం మూడూ కావాలి. వేగం నది అంతటా ఒకేలా ఉండదు. గట్టు దగ్గర మెల్లగా, నడిమధ్యన జోరుగా, అడుగున మళ్లీ మెల్లగా. అందుకే నదిని నిలువు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో లోతు కొలిచి, పైనుంచి పదింట ఆరు వంతుల లోతులో కరెంట్ మీటర్, అంటే నీటి వేగం కొలిచే పరికరం, దించుతాం. ఆ లోతులో వేగం ఆ నిలువుకంతా సగటు వేగానికి దగ్గరగా ఉంటుంది. లోతెక్కువైతే రెండు చోట్ల కొలిచి సగటు తీస్తాం. ఇప్పుడు పడవకు కట్టి లాగే డాప్లర్ పరికరాలు వచ్చాయి, శబ్ద తరంగాలతో పని నిమిషాల్లో అయిపోతుంది. నేను మాత్రం నడుముకు తాడు కట్టుకుని కొలిచిన తరం వాణ్ణి.

ఇది రోజూ, గంట గంటకూ చేయలేం. కాబట్టి ఏం చేస్తామంటే, రకరకాల నీటిమట్టాల దగ్గర ఇలా కొలిచి, ఇంత మట్టం ఉంటే ఇంత ప్రవాహం అని ఒక వక్రరేఖ గీస్తాం. ఆ తర్వాత మట్టం ఒక్కటి చదివితే చాలు. వార్తల్లో 'ఇన్ని లక్షల క్యూసెక్కుల వరద' అని వింటారే, చాలాసార్లు ఆ అంకెను ఎవరూ కొలిచి ఉండరు. మట్టం చదివి, రేఖ చూసి చెప్పిన మాట అది. మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. కానీ అతి పెద్ద వరద రోజున అక్కడ మీటరు దించే వాడెవడు? అంత ఎత్తులో రేఖ మీద కొలిచిన చుక్క ఒక్కటీ ఉండదు. రేఖను చేత్తో పైకి పొడిగించుకుంటూ పోతాం. అన్నిటికంటే ముఖ్యమైన అంకె దగ్గరే మా కొలత అన్నిటికంటే బలహీనం. వరద తీశాక వెళ్లి గోడల మీద బురద గీతలు, చెట్లకు చిక్కుకున్న చెత్త ఎంత ఎత్తున ఉందో చూసి, నది వాలును బట్టి వెనక్కి లెక్క కట్టడం కూడా మా పనిలో భాగమే. అచ్చం నేరం జరిగాక పోలీసులు ఆనవాళ్లు వెతికినట్టు.

ఆవిరి లెక్క ఇంకా కష్టం. నాలుగడుగుల వెడల్పున్న ఇనుప తొట్టిలో నీళ్లు పోసి రోజుకు ఎంత తగ్గిందో చూడటం పాత పద్ధతి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక వారం ఆవిరి ఉన్నట్టుండి రెట్టింపైంది. ఎండ మామూలే, గాలి మామూలే. నేను రెండు పేజీల సిద్ధాంతం రాసేశాను. (నవ్వులు) తొట్టి మీద వేసే వల చిరిగిందనీ, పిట్టలొచ్చి తాగి, స్నానాలు చేసి పోతున్నాయనీ కొలతలు తీసే పెద్దాయన చెప్పాడు. ఆ కాగితాలు ఇంకా దాచుకున్నాను.

కానీ తొట్టి చెప్పేది తొట్టి సంగతే. అసలు ఖర్చు చెట్ల ఆకుల మీదుగా జరుగుతుంది. నేల మీద పడే వానలో 60 శాతం దాకా ఆవిరిగానే తిరిగి గాలిలోకి పోతుంది. అందులో పెద్ద వాటా మొక్కలు వేళ్లతో పీల్చి ఆకులతో వదిలేదే. ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. అడవి పెంచితే వాగులో నీళ్లు పెరుగుతాయని అందరూ అంటారు. కొలిచి చూస్తే ఎక్కువగా దానికి తిరగబడి వస్తుంది.

దీన్ని తేల్చిన పద్ధతి నాకు చాలా ఇష్టం. పక్కపక్కన, ఒకేలా ఉన్న రెండు చిన్న లోయలు తీసుకుంటారు. రెంటినీ కొన్నేళ్లు ఊరికే కొలుస్తారు. వాటి మధ్య సంబంధం బాగా తెలిశాక ఒకదాంట్లో అడవి కొట్టేస్తారు, రెండోదాన్ని ముట్టుకోరు. అమెరికాలోని కొలరాడోలో వాగన్ వీల్ గ్యాప్ అనే చోట 1910లో ఇలా మొదలుపెట్టారు. చెట్లు కొట్టింది 1919లో. అంటే ఎనిమిదేళ్లకు పైగా ఏ చెట్టునూ ముట్టకుండా కొలతలే తీసుకుంటూ కూర్చున్నారు. ఆ ఓపిక ఇప్పుడు నిధులిచ్చే వాళ్లకు ఉండదు. తర్వాత 1926 దాకా చూస్తే, అడవి పోయిన లోయలో వాగు ప్రవాహం పెరిగింది. ఇలాంటి 94 ప్రయోగాలను 1982లో ఒకచోట పెట్టి చూస్తే దాదాపు అన్నీ అదే దారి. చెట్టు నీళ్లు తాగుతుంది, అంతే.

దీన్ని పట్టుకుని 'అయితే అడవులు కొట్టేద్దాం' అనకండి. అడవి ఉన్న నేల గుల్లగా ఉండి వానను లోపలికి పీలుస్తుంది, మట్టి కొట్టుకుపోకుండా పట్టుకుంటుంది. కొన్ని చోట్ల పాడైపోయిన నేలలో వాన ఇంకకుండా పైపైన పోతుంది కాబట్టి, అక్కడ ఎండాకాలపు ప్రవాహం తగ్గిపోవచ్చు కూడా. ఏడాది మొత్తం లెక్క వేరు, ఏ నెలలో ఎంత అనే లెక్క వేరు. అడవికి ఓటు వేయడానికి నాకు వంద కారణాలున్నాయి. ఏడాది మొత్తం మీద వాగులో నీళ్లు పెరుగుతాయన్నది మాత్రం అందులో లేదు.

సరే, మన పొంగిన వాగు దగ్గరికి పోదాం. అందులో పారేవి ఏ నీళ్లో తెలియాలంటే నీటికి పేరు రాసి పెట్టి ఉండాలి. విచిత్రం ఏమిటంటే, ప్రకృతే రాసి పెట్టింది. నీటి అణువులో ఆక్సిజన్ ఉంటుంది కదా. ఆక్సిజన్ పరమాణువుల్లో దాదాపు ఐదు వందలకు ఒకటి కాస్త బరువైనది, ఆక్సిజన్-18. నీరు ఆవిరయ్యేటప్పుడు తేలికవి ముందు లేస్తాయి, వానగా కురిసేటప్పుడు బరువైనవి ముందు రాలతాయి. దాంతో ప్రతి వానకూ ఈ పాళ్లు కొద్దిగా మారతాయి. ఇవాళ్టి వానది ఒక వేలిముద్ర. నేలలో ఉన్న నీటిది ఎన్నో నెలల వానలు కలిసిన సగటు వేలిముద్ర. రెండూ వేరైన రోజు చూసుకుని, పొంగిన వాగులోంచి గంట గంటకూ సీసాలు నింపి, ఆ పాళ్లు కొలిస్తే కొత్త నీరెంత, పాత నీరెంత అన్నది మామూలు కూడికలు తీసివేతలతో తేలిపోతుంది.

1970ల్లో ఈ పని మొదలుపెట్టినవాళ్లు తమ ఫలితాలు చూసి తామే బిత్తరపోయారు. వానలు బాగా పడే అడవి ప్రాంతాల చిన్న వాగుల్లో, వరద నీటిలో సగానికి పైగా ఆ రోజు వానది కాదు. అంతకుముందు వారాల కిందట, నెలల కిందట పడి నేలలో దాక్కున్న పాత నీరు. అది ఇవాళ్టి వానకు లేచి వచ్చింది. అదీ మెలిక. చెట్లు లేని బండ నేలల్లో, సిమెంటు పరిచిన నగరాల్లో ఇది వర్తించదు, అక్కడ కొత్త నీరే పరుగెత్తుతుంది. కానీ నేను చెప్పిన కొండవాలు వాగులో మీ జవాబు తప్పు. (నవ్వులు)

మరి నెలల తరబడి కదలకుండా కూర్చున్న నీరు రెండు గంటల వానకు అంత తొందరగా ఎలా బయటికొచ్చింది? మీ తోటలో నీళ్ల పైపు గుర్తు తెచ్చుకోండి. పైపు అప్పటికే నిండి ఉంటే, కొళాయి తిప్పగానే ఆ చివర నీళ్లు పడతాయి. పడిన నీరు కొళాయిలోంచి ఇప్పుడు వచ్చింది కాదు, పైపులో ముందే ఉన్నది. నెట్టుడు వేరు, నీరు వేరు. కొండవాలులో ఒత్తిడి గంటల్లో దిగుతుంది, నీరు నెలల్లో దిగుతుంది. కథ ఇంతటితో అయిపోలేదు లెండి. కొన్ని రసాయనాల పాళ్లు మాత్రం మట్టం పెరిగేకొద్దీ మారిపోతుంటాయి. అంతా పాత నీరే అయితే మారడమెందుకు? దీని మీద ఇప్పటికీ మావాళ్లు కొట్టుకుంటూనే ఉన్నారు.

నేల కింద నీరు ఎంత నెమ్మదిగా కదులుతుందో లెక్క చెప్పినవాడు ఆన్రీ దార్సీ. ఫ్రాన్స్‌లో దిజోన్ అనే పట్టణం ఆయనది. ఊరి నీళ్లు మురికివి. ఇంజనీరుగా 1840లో పన్నెండు కిలోమీటర్లకు పైగా దూరంలోని ఊట నుంచి కప్పిన కాలువ తెచ్చి ఊరికి మంచినీళ్లు ఇచ్చాడు. తర్వాత ఇసుక వడపోత ఎలా చేస్తే మంచిదో చూద్దామని, నిలువు ఇనుప గొట్టంలో ఇసుక నింపి, పైనుంచి నీళ్లు పోసి, కింద ఎంత వస్తోందో కొలిచాడు. 1856లో రాసిన ఫలితం ఒక్క ముక్కే: పైకీ కిందికీ ఒత్తిడి తేడా రెట్టింపైతే నీరు రెట్టింపు వస్తుంది, ఇసుక పొర మందం రెట్టింపైతే సగం వస్తుంది. ఆ ఒక్క వాక్యం మీద భూగర్భ జల శాస్త్రమంతా నిలబడింది. ఇసుక పొరల్లో నీరు రోజుకు సెంటీమీటర్ల లెక్కన, మహా అయితే ఒక మీటరు, కొన్ని మీటర్లు నడుస్తుంది. సహారా ఎడారి కింద నుబియా ఇసుకరాతి పొరలో కొన్ని బావుల నీరు పది లక్షల ఏళ్ల నాటిదని తేలింది. ఆ నీరు తోడుకోవడం అంటే బ్యాంకు ఖాతాలోంచి తీయడం కాదు, తాతముత్తాతల నగ అమ్ముకోవడం.

కళ్లకు కనిపించని ఈ నిల్వను మొత్తంగా తూచడం నా చిన్నప్పుడు ఎవరి ఊహలోనూ లేదు. 2002 మార్చిలో గ్రేస్ అనే రెండు ఉపగ్రహాలను ఒకే కక్ష్యలో, ఒకదాని వెనక ఒకటిగా, సుమారు 220 కిలోమీటర్ల దూరంలో ఎగరేశారు. కింద బరువు ఎక్కువున్న చోటికి వస్తే ముందుది కాస్త ముందుకు లాగబడుతుంది, ఇద్దరి మధ్య దూరం పెరుగుతుంది. తర్వాత వెనకదాని వంతు. ఆ దూరంలో వెంట్రుక మందం కన్నా తక్కువ తేడా వచ్చినా తెలుస్తుంది. దాన్ని కొలిచి, నెల నెలా నేల బరువు ఎక్కడ ఎంత మారిందో చెప్పేస్తారు. నెలనెలా అంత బరువు మార్చేది ఎక్కువగా నీరే. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా రాజస్థాన్, పంజాబ్, హర్యానాల కింద 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం తగ్గిందని 2009లో ఇలాగే తేల్చారు. మనకు అలవాటైన లెక్కలో 3,800 టీఎంసీలకు పైనే. ఆ ఏళ్లలో వానలు దాదాపు మామూలే. అంటే జమ తగ్గలేదు, ఖర్చు పెరిగింది. అయితే ఈ త్రాసు లక్ష చదరపు కిలోమీటర్ల కన్నా చిన్న ముక్కను సరిగ్గా చూడలేదు. 'మా ఊరి బావి సంగతి చెప్పండి' అంటే అది చెప్పలేదు.

ఇక చివరగా ఒక తప్పు కథ. 1922లో అమెరికాలోని ఏడు రాష్ట్రాలు కొలరాడో నది నీళ్లు పంచుకున్నాయి. ఎగువకు ఏడున్నర, దిగువకు ఏడున్నర మిలియన్ ఎకరా-అడుగులు. అంటే మొత్తం సుమారు 650 టీఎంసీలు. అప్పటికి వాళ్ల దగ్గర ఇరవై ఏళ్ల పైచిలుకు కొలతలున్నాయి, వాటిలో నది ఇంతకంటే ఎక్కువే పారింది. ఏడు రాష్ట్రాల ప్రతినిధులూ సంతకాలు పెట్టారు. 1976లో ఇద్దరు శాస్త్రవేత్తలు పాత చెట్ల వలయాలు చూశారు. తడి ఏడాది వలయం వెడల్పు, కరువు ఏడాదిది సన్నం. వందల ఏళ్ల వెనక్కి వెళితే, కొలతలు తీసిన ఆ కొద్ది దశాబ్దాలే నాలుగు శతాబ్దాల్లో అత్యంత తడి కాలాల్లో ఒకటి అని తేలింది. నది అసలు సగటు 590 టీఎంసీల దగ్గర వచ్చింది. పరికరం తప్పు కాదు, చదివినవాడి తప్పు కాదు. ఒప్పందం మాత్రం లేని నీళ్ల మీద నిలబడింది, గొడవ ఇప్పటికీ నడుస్తోంది.

ప్రశ్నలకు కాస్త సమయం ఉందనుకుంటా. అడగండి.

(సభికుల్లో ఒకరు: చీలిన కొమ్మ చేత్తో పట్టుకుని నడుస్తూ నేల కింద నీళ్లు ఎక్కడున్నాయో చెప్పేవాళ్లున్నారు కదండీ. అది నిజమేనా?)

వస్తుందని తెలుసు ఈ ప్రశ్న. (నవ్వులు) చాలా చోట్ల నేల కింద ఎక్కడ తవ్వినా ఎంతో కొంత నీరు తగులుతుంది, కాబట్టి కొమ్మ పట్టుకున్నవాడు గెలుస్తూనే ఉంటాడు. ఎక్కడ ఉందో ఎక్కడ లేదో ముందే దాచిపెట్టి పరీక్షిస్తే ఊహించి చెప్పినదానికంటే నమ్మదగ్గ తేడా రాలేదు. అలాగని మా యంత్రాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి. నాలుగు కడ్డీలు పాతి కరెంటు పంపి నేల నిరోధం, అంటే కరెంటును నేల ఎంత అడ్డుకుంటుందో, కొలుస్తాం. అది చెప్పేది నిరోధమే, నీరు కాదు. తడి రాయి ఎంత చూపిస్తుందో బంకమట్టీ అంతే చూపించవచ్చు, ఉప్పునీరు ఇంకా తక్కువ చూపిస్తుంది. ఆ ప్రాంతంలో ఇంతకుముందు తవ్విన బావుల వివరాలు పక్కన పెట్టుకుంటే గానీ దానికి అర్థం తీయలేం.

అక్కడే మాకు తిప్పలు. నీళ్లు పడ్డ బోరు వివరాలు అందరూ చెబుతారు. ఎండు బోరు వేసినవాడు డబ్బు పోయిన బాధలో మట్టి కప్పేసి వెళ్లిపోతాడు, ఎంత లోతులో ఏ రాయి తగిలిందో ఎక్కడా రాయడు. నాకు ఆ ఎండు బోర్ల కాగితాలు ఇప్పించగలిగితే, ఈ యంత్రాలు సగం మీకే ఇచ్చేస్తాను.